ఖోసా భాషలో గుణసంధి కనిపించింది. సంస్కృతం తెలిసినవాళ్లు ఒకసారి చూడండి

సముద్రతీరం (ఆదివారం, రాత్రి 9:10)

అందరికీ నమస్కారం. మేం దక్షిణాఫ్రికాలోని గెబేఖా ఊళ్లో ఉంటున్నాం. పాత పేరు పోర్ట్ ఎలిజబెత్, 2021లో మార్చారు. కొత్త పేరులో మొదటి అక్షరాన్నే నాలుక చప్పుడుతో పలకాలి. దాన్ని తెలుగులో ఎలా రాయాలో తెలియక గ పెట్టాను, అసలు ధ్వనికి అది చాలా దూరం.

మా అమ్మాయికి బడిలో ఖోసా కూడా ఒక సబ్జెక్టు. నాకు ఆ భాష రాదు కాబట్టి హోంవర్కు పక్కన కూర్చుని తనతోపాటే నేర్చుకుంటున్నాను. సంస్కృతమంటారా, ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజిగా తీసుకున్నాను. చాలామందిలాగే మార్కుల కోసమే. చాలావరకు మర్చిపోయినా సంధులు మాత్రం గుర్తున్నాయి.

నిన్నటి పాఠంలో ఇవి ఉన్నాయి. ఖోసాలో 'న' అంటే 'తో' లేదా 'మరియు'.

న + ఉమామ (అమ్మ) = నొమామ
న + ఇంజ (కుక్క) = నెంజ
న + అబన్తు (మనుషులు) = నబన్తు

అ పక్కన ఉ వస్తే ఒ, అ పక్కన ఇ వస్తే ఎ. మహోత్సవం, మహేంద్రుడు గుర్తొచ్చి ఒక్క నిమిషం పుస్తకం మూసి కూర్చున్నాను. ఇది నిజంగా గుణసంధేనా? నేనే లేనిపోని పోలిక చూస్తున్నానా?

వ్యాకరణం_మాస్టారు (ఆదివారం, రాత్రి 10:02)

బాబూ, మీరు పొరబడలేదు. పాణిని దీన్ని ఒక్క చిన్న సూత్రంలో చెప్పాడు: ఆద్గుణః. ఆరో అధ్యాయం, మొదటి పాదం, 87వది. అ తర్వాత ఇ వస్తే ఏ, ఉ వస్తే ఓ. మీ మూడో ఉదాహరణ వేరే సూత్రం కిందికి వస్తుంది, అకః సవర్ణే దీర్ఘః. మనకు అక్కడ దీర్ఘం వస్తుంది, మీ 'నబన్తు'లో దీర్ఘం ఉన్నట్టు లేదు.

రాజమండ్రిలో ముప్పై ఏళ్లు ఈ సూత్రాలు చెప్పాను. ఆఫ్రికా భాషలో వీటికి ఉదాహరణ దొరుకుతుందని ఏనాడూ అనుకోలేదు. ఒక్కటి అడుగుతాను, చూసి చెప్పండి. ముందు ఉ ఉండి, దాని తర్వాత అ గానీ ఎ గానీ వస్తే ఏమవుతుంది?

సముద్రతీరం (సోమవారం, సాయంత్రం 6:35)

మాస్టారూ, అమ్మాయి పుస్తకం మొత్తం వెతికాం. ఖోసాలో 'ఉకు' చేరిస్తే క్రియ నామవాచకంలా అవుతుంది, మన 'చదవడం, తినడం'లో 'అడం' లాగా.

ఉకు + అజి = ఉక్వజి (తెలియడం)
ఉకు + ఎంజ = ఉక్వెంజ (చేయడం)
ఉకు + ఒయిక = ఉకొయిక (భయపడడం)

మొదటి రెండింట్లో ఉ కాస్తా వ అయింది. మూడోదాంట్లో మాత్రం ఉ పూర్తిగా పోయింది.

వ్యాకరణం_మాస్టారు (సోమవారం, రాత్రి 8:50)

సు + ఆగతం = స్వాగతం! ఇకో యణచి. యణాదేశ సంధి. చదువుతుంటే ఒళ్లు పులకరించింది.

మూడోది మాత్రం సంస్కృతం ఒప్పుకోదు. మధు + ఓదనం అంటే మధ్వోదనమే, వ ఉండి తీరాలి. ఖోసావాళ్లు వ, ఒ పక్కపక్కన ఇష్టపడరన్నమాట. కాబట్టి పోలిక ఉంది, అచ్చు గుద్దినట్టు మాత్రం లేదు. ఆ తేడాను కూడా ఇంతే శ్రద్ధగా రాసిపెట్టుకోండి.

ఇంకో మాట. అచ్చతెలుగు ఈ పని చేయదు. పుట్టిన + ఇల్లు మనకు పుట్టినిల్లు. అ పోయి ఇ నిలిచింది. 'పుట్టినేల్లు' అని ఎవరూ అనరు. మేన + అల్లుడు మేనల్లుడు. గుణసంధి మన నోట్లోకి సంస్కృత పదాలతోపాటే వచ్చింది. ఈ ఒక్క విషయంలో తెలుగు కంటే ఖోసాయే సంస్కృతానికి దగ్గరగా నడుస్తోంది.

ఓంకారం (సోమవారం, రాత్రి 9:15)

ఇంతకంటే రుజువు ఏం కావాలి? అన్ని భాషలకూ తల్లి సంస్కృతమే అని పెద్దలు ఊరికే అనలేదు. ఖోసాలో నాన్నను 'ఉతాత' అంటారు. మండేలాను అక్కడివాళ్లు 'తాత' అనే పిలుచుకున్నారు. సంస్కృతంలో 'తాత' అంటే తండ్రే కదా. అమ్మ 'ఉమామ'. సంధులూ కలిసి, అమ్మానాన్నల పేర్లూ కలిశాక బంధుత్వం లేదని ఎలా అంటాం?

ధ్వని_విద్యార్థి (సోమవారం, రాత్రి 11:40)

ఓంకారం అన్నా, మీ ప్రశ్న సరైనదే కాబట్టి వివరంగా రాస్తాను. నేను భాషాశాస్త్రం చదువుతున్నాను.

ముందు అమ్మానాన్నల సంగతి. పసిపిల్లల నోటికి మొదట అందే ధ్వనులు మ, ప, త, న. వాటితో పుట్టిన మాటలకు తల్లిదండ్రుల అర్థం ఇవ్వడం ప్రపంచమంతటా ఉంది. జార్జియా దేశపు భాషలో 'మామ' అంటే నాన్న, 'దెద' అంటే అమ్మ. మనలోనే చూడండి, సంస్కృతంలో తండ్రి అయిన 'తాత' తెలుగులో తండ్రికి తండ్రి. అందుకే భాషల బంధుత్వం తేల్చేటప్పుడు ఈ మాటలను పక్కన పెడతారు.

అంకెలు అంత తేలిగ్గా యాదృచ్ఛికంగా కలవవు. ఖోసాలో రెండు బిని, మూడు థాథు, నాలుగు నె. వేల కిలోమీటర్ల అవతల కెన్యా, టాంజానియాల్లో మాట్లాడే స్వాహిలిలో మ్బిలి, తాతు, న్నె. మనిషి, మనుషులు అనే జంట చూడండి. ఖోసాలో ఉమ్‌న్తు, అబన్తు. స్వాహిలిలో మ్తు, వాతు. జింబాబ్వేలోని షోనాలో మున్హు, వన్హు. కాంగో వైపు లింగాలలో మోతో, బాతో. ఇదీ చుట్టరికం. మాటలు ఒక్కటే కాదు, ఏకవచనం నుంచి బహువచనం చేసే పద్ధతి కూడా అన్నిట్లో ఒక్కటే. 19వ శతాబ్దంలో విల్‌హెల్మ్ బ్లీక్ అనే జర్మన్ పండితుడు ఆ 'అబన్తు' మాట నుంచే ఈ కుటుంబానికి బాంటు అని పేరు పెట్టాడు.

సంస్కృతంలో ద్వి, త్రి, చతుర్. వీటికి లాటిన్, గ్రీకు అంకెలు అక్కచెల్లెళ్లు. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ గుర్తించి చెప్పింది ఆ చుట్టరికాన్నే. బిని, థాథు, నె ఆ వరుసలో ఎక్కడా ఇమడవు. మన రెండు, మూడు, నాలుగు కూడా ఇమడవు, అవి తమిళ కన్నడాల పక్కన కూర్చుంటాయి. తెలుగుకు సంస్కృతం వేల మాటలు ఇచ్చింది, అయినా తల్లి కాదు. మద్రాసులో ఎల్లిస్ దొర ఈ మాటను 1816లోనే ఆధారాలతో రాశాడు.

ఓంకారం (మంగళవారం, ఉదయం 7:05)

అంకెల విషయం ఒప్పుకుంటున్నాను తమ్ముడూ. స్వాహిలి పోలిక నాకు తెలియదు. మరి బంధుత్వం లేనప్పుడు సంధి ఎందుకు కలిసింది? అది చెప్పకపోతే నా సందేహం తీరదు.

ధ్వని_విద్యార్థి (మంగళవారం, మధ్యాహ్నం 1:20)

నోరు ఒకటే కాబట్టి అన్నా. అద్దం ముందు నిలబడి అ, ఇ, ఎ వరుసగా అనండి. అ అన్నప్పుడు దవడ బాగా కిందికి దిగుతుంది. ఇ అన్నప్పుడు నాలుక పైకి లేచి నోరు దాదాపు మూసుకుంటుంది. ఈ రెంటినీ విడివిడిగా అనకుండా ఒకే గుక్కలో కలిపేస్తే నాలుక మధ్యలో ఆగుతుంది. ఆ మధ్య చోటే ఎ. ఉ వైపు వెళ్తే ఒ. వేదాల ఉచ్చారణ నియమాలు చెప్పే మన ప్రాతిశాఖ్యాలు రాసినవాళ్లకు ఇది తెలుసు. ఏ, ఓలను వాళ్లు సంధ్యక్షరాలు అన్నారు, అంటే రెండు అచ్చులు కలిసి పుట్టినవని.

ఖోసావాళ్ల ప్రాంతమైన తూర్పు కేప్ కొండల్లో పశువులు కాసుకునేవాళ్ల నాలుకా, వేదం వల్లించినవాళ్ల నాలుకా ఎవరూ నేర్పకుండానే ఒకే చోట ఆగాయి. నాకైతే చుట్టరికం కంటే ఇదే గొప్పగా అనిపిస్తుంది.

డర్బన్_చెరకుతోట (మంగళవారం, రాత్రి 8:30)

నమస్కారము. నేను డర్బన్. మా కుటుంబం ఇక్కడ నాలుగో తరం. తెలుగు ఇంట్లోనూ భజనల్లోనూ నేర్చుకున్నాను, తప్పులుంటే క్షమించండి. నాకు జులు బాగా వచ్చు. ఖోసా, జులు అక్కచెల్లెళ్లు. ఖోసాలో ఉమ్‌న్తు, మాకు జులులో ఉముంతు. సంధి కూడా అదే, న + ఉముంతు = నొముంతు.

మాస్టారు గారి పుట్టినిల్లు చదివి ఒకటి తోచింది. మా జాతీయ గీతం మొదటి పంక్తిలో 'సికెలెల' అనే మాట పక్కన 'ఇఆఫ్రికా' వస్తుంది. పాడేటప్పుడు చివరి అ పడిపోయి 'సికెలెలిఆఫ్రికా' అవుతుంది. అక్కడ ఎ రాదు. అంటే మన పుట్టినిల్లు సంధి కూడా ఈ భాషల్లో ఉన్నట్టే కదా?

ఇంకొక సంగతి మీలో చాలామందికి తెలియకపోవచ్చు. 1996 నాటి మా రాజ్యాంగంలో ఆరో సెక్షన్ భాషల గురించి. అందులో ఖోసా అధికార భాష. అదే సెక్షన్‌లో కొంచెం కిందికి వెళ్తే, ఇక్కడి సమాజాలు మాట్లాడే భాషలుగా గౌరవించి ప్రోత్సహించాలన్న జాబితాలో తెలుగు పేరుంది. మతపరంగా వాడే భాషల్లో సంస్కృతం పేరుంది. మూడింటి పేర్లూ ఒకే సెక్షన్‌లో ఉన్నాయి. దాని మీద సంతకం చేసింది ఖోసా మాతృభాషగా పెరిగిన మండేలా.

వ్యాకరణం_మాస్టారు (మంగళవారం, రాత్రి 9:45)

అమ్మా, మీ తెలుగులో తప్పేమీ లేదు. మీరన్నది నిజమే. మాట లోపల అంటుకుపోయినచోట ఎ, ఒ అవుతోంది. రెండు వేర్వేరు మాటలు పక్కపక్కన పడ్డచోట మొదటి అచ్చు జారిపోతోంది. గుణసంధీ అత్వసంధీ రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయన్నమాట.

గోదారి_పిల్ల (బుధవారం, తెల్లవారుజాము 5:15)

నైట్ డ్యూటీ అయ్యాక చదువుతున్నాను. కేప్‌టౌన్‌లో నర్సుగా ఆరేళ్లయింది. మా వార్డులో సగం మంది ఖోసావాళ్లే.

సంధుల కంటే ముందు నన్ను పట్టుకున్నవి హల్లులు. మొదట్లో ఒక పెద్దావిడకు "మందు ఇస్తాను" అని చెప్పబోయాను. ఇవ్వడం, చనిపోవడం రెండు మాటలు. తెలుగులో రాస్తే రెండూ 'ఉకుఫ' అనే రాయాలి. కానీ ఇవ్వడానికి ప కింద ఒత్తు, ఫలం అని సంస్కృతంలో పలికినట్టు పెదాలు కలిపి గాలి వదలాలి. చనిపోవడానికి పై పళ్లు కింది పెదానికి తాకించి, ఫ్యాను అన్నట్టు పలకాలి. నేను ఫ అక్షరాన్ని ఎప్పుడూ ఫ్యాను ఫలాగే అనేదాన్ని. ఆవిడ ముఖం మారిపోయింది. పక్కనున్న నర్సక్క విషయం చెప్పాక నాకు కన్నీళ్లాగలేదు. ఆ రాత్రి ఇంటికెళ్లి 'ఫలం, ఫలం' అని మా తాతగారు శ్లోకాల్లో చెప్పినట్టు సాధన చేశాను. బడిలో నిర్లక్ష్యం చేసిన ఒత్తక్షరాలు ఇక్కడ అక్కరకొచ్చాయి.

సముద్రతీరం (బుధవారం, ఉదయం 7:30)

అక్కా, ఇది చదివి ఇద్దరం పొద్దున్నే అద్దం ముందు నిలబడ్డాం. నాలుక చప్పుళ్ల గురించి కూడా చెప్పరూ. మా అమ్మాయికి వచ్చేశాయి, నాకు మూడూ ఒకేలా వినిపిస్తాయి.

గోదారి_పిల్ల (బుధవారం, సాయంత్రం 4:50)

మూడూ మనం రోజూ చేసేవే తమ్ముడూ, కాకపోతే మాటల్లో వాడం. ఎవరికైనా కష్టమొస్తే "అయ్యో, త్చ్ త్చ్" అంటాం చూడు, అది మొదటిది. ఖోసాలో ఇంగ్లీషు 'సీ' అక్షరంతో రాస్తారు. బండి ఎద్దుల్ని అదిలించేటప్పుడు బుగ్గ పక్కనుంచి చేసే చప్పుడు 'ఎక్స్'. ఖోసా అనే పేరులో ఉన్నది అదే. నాలుకను అంగిలికి గట్టిగా అతికించి సీసా బిరడా తీసినట్టు టక్కున వదిలితే 'క్యూ'. మీ ఊరి పేరులో ఉన్నది ఇదీ.

ఇవి ఖోసావాళ్లకు మొదటినుంచీ ఉన్నవి కావు. వాళ్లకంటే ముందే ఆ నేల మీదున్న ఖోయ్, సాన్ ప్రజల భాషల నుంచి వచ్చాయి. ఎలా వచ్చాయన్నదానికి పండితులు చెప్పే ఒక కారణం నన్ను కదిలించింది. ఖోసా ఇళ్లలో కోడలు మామగారి పేరు పలకకూడదు. పేరొక్కటే కాదు, ఆ పేరులోని అక్షరాలు వేరే మాటలో వచ్చినా అనకూడదు. 'హ్లొనిఫ' అంటారు, గౌరవం అని అర్థం. అప్పుడు ఆ అక్షరం స్థానంలో వేరే ధ్వని పెట్టుకోవాలి కదా. ఇరుగుపొరుగు భాషల చప్పుళ్లు అలా ఆడవాళ్ల నోట భాషలోకి చేరి ఉంటాయని అంటారు.

మా నాయనమ్మ బతికినన్నాళ్లూ తాతయ్య పేరు పలకలేదు. ఆయన పేరు వెంకటేశ్వర్లు కాబట్టి దేవుణ్ణి కూడా 'ఏడుకొండలవాడు' అనే అనేది. ఈ సంగతి వార్డులో చెబితే నర్సక్కలు నన్ను కావలించుకున్నారు.

ధ్వని_విద్యార్థి (బుధవారం, రాత్రి 10:10)

ఒక్క సాంకేతిక విషయం చేరుస్తాను. ఉచ్చారణ నేర్పే మన శిక్షా గ్రంథాలు కంఠ్యం, తాలవ్యం, మూర్ధన్యం, దంత్యం, ఓష్ఠ్యం అని స్థానాలు పెట్టుకున్నాయి. అక్కడ ధ్వనికి ఆధారం లోపలినుంచి బయటికొచ్చే ఊపిరి. ఈ చప్పుళ్లకు ఊపిరితిత్తుల గాలి అక్కర్లేదు. నాలుక వెనుక భాగం ఒకచోట, ముందు భాగం ఇంకోచోట మూసి, మధ్యలో గాలిని పలచబరచి ముందుది తెరవాలి. ఒకే హల్లుకు ఒకేసారి రెండు స్థానాలు. వీటికే ఒత్తు, నాదం, అనునాసికం చేరి ఒక్కొక్కటి ఆరు రకాలవుతుంది. మొత్తం పద్దెనిమిది. క ఖ గ ఘ ఙ లాగా చక్కని వర్గాలు కట్టొచ్చు.

జిజ్ఞాసి (గురువారం, ఉదయం 11:00)

సంస్కృతానికి మూడు లింగాలు. ఖోసాకు ఎన్ని? నాకు ఈ చర్చంతా కొత్త, వివరంగా చెప్పగలరా?

సముద్రతీరం (గురువారం, రాత్రి 9:25)

నాకు అర్థమైనంత చెబుతాను. లింగం అసలు లేదు. అతను, ఆమె తేడా లేదు. బదులుగా నామవాచకాలన్నీ తరగతులుగా ఉంటాయి, మాట మొదట్లో ఉండే ఉపసర్గ తరగతిని చెబుతుంది. లెక్కపెట్టే పద్ధతిలో పదిహేను దాకా అంకెలు వేస్తారు, ఏకవచనానికి ఒక తరగతి, దాని బహువచనానికి ఇంకో తరగతి.

అందమంతా వాక్యంలో ఉంది.

ఉమ్‌న్త్వన వమ్ ఉయడ్లల: నా బిడ్డ ఆడుతోంది.
అబన్త్వన బమ్ బయడ్లల: నా పిల్లలు ఆడుతున్నారు.

'అబ' రాగానే 'నా'కూ బ వచ్చింది, క్రియకూ బ వచ్చింది. సంస్కృతంలో సుందరః బాలకః, సుందరాః బాలకాః, సుందరీ బాలికా అన్నట్టే, కాకపోతే అక్కడ చివర్లు కలుస్తాయి, ఇక్కడ మొదళ్లు. సంస్కృతంలో 'మమ' ఎవరి పక్కనున్నా మారదు, ఖోసాలో అదీ మారుతుంది. వింటుంటే ప్రతి వాక్యం అనుప్రాసలా ఉంటుంది.

నాకు బాగా నచ్చింది '-న్తు' అనే ధాతువు లాంటి ముక్క. ఉమ్‌న్తు మనిషి, అబన్తు మనుషులు, ఉలున్తు జనసమాజం, ఇసిన్తు ఆచార సంప్రదాయాలు, ఉబున్తు మానవత్వం. మనం మనుష్య, మానుష, మానవ, మానవత్వ అని చివర ప్రత్యయాలు చేర్చుకుంటూ పోతాం, వీళ్లు ముందు మారుస్తారు. భాషలన్నీ 'ఇసి' తరగతి. మా అమ్మాయి తన పరిచయంలో 'ఇసితెలుగు' అని రాసుకుంది.

వ్యాకరణం_మాస్టారు (గురువారం, రాత్రి 10:30)

జిజ్ఞాసి గారూ, లింగం అర్థాన్ని బట్టి వస్తుందనుకోకండి. సంస్కృతంలో భార్యకు మూడు మాటలు. భార్యా స్త్రీలింగం, కళత్రం నపుంసకం, దారాః పుంలింగం, పైగా నిత్య బహువచనం. ఖోసా తరగతులూ అలాంటివే అయ్యుండాలి.

ప్రేరణార్థకం ఏమైనా ఉందా బాబూ? పఠతి, పాఠయతి లాంటిది?

సముద్రతీరం (శుక్రవారం, ఉదయం 6:55)

ఉంది మాస్టారూ. ఫుంద అంటే చదువు, ఫుందిస అంటే చదివించు, అంటే బోధించు. ఇంకోటి చేర్చి ఫుందిసన అంటే ఒకరికొకరు నేర్పుకోవడం. 'న్దియమ్‌ఫుందిస' ఒకే మాట, దానర్థం 'నేను అతనికి నేర్పుతున్నాను'. సంస్కృతంలో 'పాఠయామి' అన్నప్పుడు నేను అనేది చివర వస్తుంది, ఇక్కడ మొదట్లోనే 'న్ది'. 'అతనికి' కూడా ఆ మాట కడుపులోనే ఉంది.

డర్బన్_చెరకుతోట (శుక్రవారం, రాత్రి 8:00)

స్వరం సంగతి ఎవరూ ఎత్తలేదు. 'ఉయహంబ' అంటే 'నువ్వు వెళ్తున్నావు', 'అతను వెళ్తున్నాడు' కూడా. మొదటి ఉ కింది స్థాయిలో పలికితే నువ్వు, పైకెత్తితే అతను. జులులోనూ అంతే. రాతలో ఈ తేడా కనిపించదు.

వ్యాకరణం_మాస్టారు (శుక్రవారం, రాత్రి 9:10)

వేదంలోని పై స్వరం, కింది స్వరం, ఉదాత్తం, అనుదాత్తం! త్వష్ట ఇంద్రుణ్ణి చంపే కొడుకు కావాలని 'ఇంద్రశత్రుః' అన్నాడు. ఉదాత్తం చివర పెట్టాల్సింది మొదట పెట్టాడు. 'ఇంద్రుణ్ణి చంపేవాడు' కాస్తా 'ఇంద్రుడే చంపేవాడుగా గలవాడు' అయింది, అలా పుట్టిన కొడుకు వృత్రుడు ఇంద్రుడి చేతిలోనే పోయాడు. పతంజలి మహాభాష్యం ఆరంభంలోనే ఈ కథను తలుచుకున్నాడు. మన లౌకిక సంస్కృతంలో ఆ స్వరం ఏనాడో పోయింది. వేదం చెప్పుకునేచోట మిగిలింది. మీ దగ్గర చంటిపిల్లలు కూడా రోజూ దాంతోనే మాట్లాడుతున్నారు.

జిజ్ఞాసి (శనివారం, ఉదయం 10:40)

రెండున్నర వేల ఏళ్ల వ్యాకరణం ఉన్న భాషను, 1823లో మిషనరీల అచ్చు యంత్రం వచ్చాక లిపి ఏర్పడిన భాషతో పోల్చడం సబబేనా అని ఇంట్లో ఒకరు అడిగారు. ఏం చెప్పాలి?

ఓంకారం (శనివారం, ఉదయం 11:25)

నేను చెబుతాను. వేదం శ్రుతి. వందల ఏళ్లు లిపి లేకుండా నోటితోనే నిలిచింది. లిపి లేకపోవడం లోటైతే ఆ లోటు మనకూ ఉండాలి. ఖోసా రాజుల ముందు ప్రశస్తి చెప్పే కవులను 'ఇంబొంగి' అంటారట, నిన్న చదివాను. వాళ్లూ నోటితోనే ఆశువుగా చెప్పేవారు. ఈ సంధులూ తరగతులూ ఎవరో పుస్తకం రాయకముందే వాళ్ల నోళ్లలో ఉన్నాయి. సోమవారం నేను రాసిన మాటకు ఇది దిద్దుబాటు అనుకోండి.

ధ్వని_విద్యార్థి (శనివారం, మధ్యాహ్నం 3:15)

అన్నా, సంస్కృతం నుంచి ఖోసాకు నిజంగా చేరిన మాట ఒకటి ఉంది. సంస్కృతంలో శర్కరా. పారశీకంలో శకర్, అరబ్బీలో సుక్కర్, అక్కణ్ణుంచి యూరప్ భాషలు, డచ్చివాళ్ల నోట సయ్‌కర్. ఆ డచ్చి నుంచి పుట్టిన ఆఫ్రికాన్స్ ద్వారా ఖోసాలోకి 'ఇస్వెకిలె'. పంచదార.

డర్బన్_చెరకుతోట (శనివారం, రాత్రి 7:50)

జులులో 'ఉషుకెల'. చిన్నప్పటినుంచి అంటున్నాను, అందులో శర్కర ఉందని ఇవాళే తెలిసింది.

1860 నవంబరు 16న మద్రాసు నుంచి కూలీలతో మొదటి ఓడ ట్రూరో డర్బన్ రేవుకు చేరింది. 1911 దాకా సుమారు 1,52,000 మంది అలా వచ్చారు, ఎక్కువమంది చెరకు తోటల కోసం. అందులో మన తెలుగువాళ్లూ ఉన్నారు. మా ముత్తాత అలా వచ్చినవాడే. తోటలో మేస్త్రీతో ఆయన మాట్లాడిన మొదటి జులు మాటల్లో ఉషుకెల తప్పక ఉండి ఉంటుంది. ఆ మాటా ఆయనా వేర్వేరు దారుల్లో ఇక్కడికి చేరారు.

సముద్రతీరం (ఆదివారం, సాయంత్రం 5:30)

అక్కా, మీ పోస్టు అమ్మాయికి చదివి వినిపించాను. 'న + ఇస్వెకిలె ఏమవుతుంది నాన్నా?' అని తనే అడిగి, తనే 'నెస్వెకిలె' అని చెప్పింది. మాస్టారూ, మూడు చప్పుళ్లూ, ఉయహంబ రెండు రకాలూ తన గొంతుతో రికార్డు చేసి రేపు పెడతాను.

వ్యాకరణం_మాస్టారు (ఆదివారం, సాయంత్రం 6:05)

చిట్టితల్లికి ఆశీస్సులు. ఉకొయిక కూడా పలికించండి. ఆ వ ఎక్కడ జారిపోతోందో నా చెవితో వినాలని ఉంది.